గర్భసంచి స్కానింగు: చెప్పేదేమి, చెప్పనిదేమి

వేంపల్లె చుట్టుపట్ల పల్లెల్లో తెల్లవారకముందే లేచి ఎనుములకు మేత వేసేది, పేడ ఎత్తేది, పాలు పిండేది, క్యాను మోసుకొని కేంద్రానికి వచ్చేది చాలావరకు ఆడవాళ్లే. పాలు పోయడానికి వరుసలో నిలబడినప్పుడు వాళ్ల నోట తరచుగా వినపడే మాట ఒకటున్నది. "స్కానింగు తీసినారు. గర్భసంచిలో గడ్డ ఉందంట. తీసేయాలంటున్నారు. ఎనుమును అమ్మితే గానీ ఖర్చుకు చాలదు." ఇది ఏ ఒక్క ఊరి మాటా కాదు, ఏ ఒక్క ఇంటి మాటా కాదు. మన జిల్లాలో ఏ సంఘానికి పోయినా ఇటువంటి మాట వినబడుతూనే ఉంటుంది.

ఎనుమును అమ్మితే డబ్బు ఒక్క రోజులో చేతికి వస్తుంది. రెండు పూటల పాలు, వాటి మీద వచ్చే బిల్లు మాత్రం ఆ రోజుతోనే ఆగిపోతాయి. ఆపరేషను చేయించుకున్న మనిషి ఆరు వారాల దాకా బరువు ఎత్తరాదు. ఆపరేషను నిజంగా అవసరమైతే ఎనుమును అమ్మియైనా చేయించుకోవలసిందే; మనిషి కంటే ఎనుము ఎక్కువ కాదు. కాని అవసరం లేని ఆపరేషనుకు ఎనుమూ పోయి, ఆరోగ్యమూ పోతే ఆ నష్టాన్ని పూడ్చేదెవరు? అందుకే సంతకు తోలుకొని పోకముందే ఆ స్కానింగు కాగితంలో ఏమి రాసి ఉన్నదో, దానికి అర్థమేమిటో తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

మేము డాక్టర్లము కాము. డాక్టరు మాటకు బదులుగా ఈ వ్యాసం రాయడం లేదు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఏమేమి అడగాలో మన సభ్యురాళ్లకు తెలియాలని రాస్తున్నాము.

ఇంత చెప్పవలసిన అవసరమేమి?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుండి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాలలోను మనదే ముందు. అంతకు ముందు 2015-16లో జరిగిన సర్వేలో కూడా మన రాష్ట్రం లెక్క ఇంచుమించు ఇంతే. మన ఆడవాళ్ల గర్భసంచికే మిగతా దేశంలో లేని రోగం వచ్చిందని ఎవరూ అనలేరు గదా.

పిల్లలు పుట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషను అయిపోయాక "ఇక ఆ సంచితో పనేముంది, ఉంచితే క్యాన్సరు అవుతుంది" అనే మాట పల్లెల్లో పాతుకొని పోయింది. ఆ మాటకు స్కానింగు కాగితం తోడైతే ఇంట్లో ఎవరికీ మారు మాట రాదు. దేశంలో ఈ ఆపరేషన్లు విచ్చలవిడిగా జరుగుతున్నాయన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తయారు చేసింది. అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో వాటిని అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆదేశాలు పైనుండి వస్తాయి. జాగ్రత్త మాత్రం ఇంటి నుండి మొదలు కావాలి.

స్కానింగు అంటే ఏమిటి?

గండి దగ్గర పాపాఘ్ని కొండలను చీల్చుకొని పోయే చోటు మనందరికీ తెలిసిందే. అటువంటి కొండల నడుమ నిలబడి కేక వేస్తే ఆ కేక కొండకు తగిలి మనకే తిరిగి వినబడుతుంది. కొండ దగ్గరగా ఉంటే త్వరగా, దూరంగా ఉంటే ఆలస్యంగా వస్తుంది. స్కానింగు యంత్రం పని చేసేది ఈ సూత్రం మీదనే. మన చెవికి వినబడనంత సన్నని శబ్దాన్ని కడుపులోకి పంపుతారు. అది లోపలి భాగాలకు తగిలి వెనక్కు వస్తుంది. నీరు ఉన్న చోట శబ్దం సాఫీగా సాగిపోతుంది గనుక అక్కడ తెర మీద నల్లగా కనబడుతుంది. కండ, గడ్డ ఉన్న చోట బూడిద రంగుగాను, ఎముక ఉన్న చోట తెల్లగాను కనబడుతుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు. కోత లేదు, సూది లేదు. "మాటిమాటికి స్కానింగు తీస్తే గర్భసంచి కాలిపోతుంది" అనే భయానికి ఆధారం లేదు.

ఈ పరీక్ష పుట్టిన కథ కూడా మనకు పనికివచ్చేదే. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యుడు ఉండేవాడు. బాయిలర్లు తయారు చేసే ఒక కర్మాగారంలో ఇనుములోని పగుళ్లను శబ్దంతో కనిపెట్టే యంత్రం ఉన్నదని తెలిసి, 1955లో ఆయన ఆపరేషన్లలో తీసిన గడ్డలను, నీటితిత్తులను కారులో వేసుకొని అక్కడికి పోయి పరీక్షించి చూశాడు. గట్టి గడ్డ ఒక తీరుగాను, నీటితిత్తి మరొక తీరుగాను తెర మీద కనబడినవి. ఆ తరువాత ఒక స్త్రీకి కడుపు ఉబ్బి, నయం కాని క్యాన్సరని మిగతా డాక్టర్లు ఆశ వదులుకున్నారు. డొనాల్డ్ యంత్రం పెట్టి చూస్తే లోపల ఉన్నది పెద్ద నీటితిత్తి అని తేలింది. దానిని తీసివేయగానే ఆమె కోలుకున్నది. 1958లో ఆయన, ఆయన తోటివారు ఈ సంగతులను లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. తొలినాళ్లలోనే ఈ పరీక్ష ఒక స్త్రీకి లేని క్యాన్సరు భయాన్ని తీర్చింది. అటువంటి పరీక్ష ఈనాడు మన పల్లెల్లో లేని భయాన్ని పెంచడానికి వాడకంలోకి రాకూడదు.

రెండు విధాల స్కానింగు

మొదటిది పొట్ట మీద నుండి తీసేది. పొత్తికడుపు మీద చల్లని జిగురు పూసి, చేతిలో పట్టే పరికరాన్ని ఆనించి చూస్తారు. దీనికి మూత్రసంచి నిండుగా ఉండాలి. నిండిన మూత్రసంచి పేగులను పక్కకు నెట్టి, గర్భసంచి కనబడేందుకు కిటికీ మాదిరిగా పనికివస్తుంది. కాబట్టి స్కానింగుకు గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రానికి పోకుండా ఉండాలి. ఈ సంగతి తెలియక పోయి సగం రోజు వరండాలో కూర్చొనేవారు చాలామంది.

రెండవది లోపలి నుండి తీసేది. సన్నని పరికరానికి కొత్త తొడుగు వేసి యోని ద్వారా చూస్తారు. గర్భసంచికి, అండాశయాలకు దగ్గరగా ఉంటుంది గనుక ఇందులో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. దీనికి మూత్రసంచి ఖాళీగా ఉండాలి. కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చును గాని పెద్దగా నొప్పి ఉండదు. పెళ్లికాని ఆడపిల్లలకు సాధారణంగా ఈ పద్ధతి వాడరు. మీ ఒప్పుదల లేకుండా ఎవరూ దీనిని చేయరాదు. గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు మీకున్నది. సిగ్గుపడి మాట్లాడకుండా ఉండవద్దు.

రెండు విధాలలో ఏది చేసినా సుమారు పావుగంట నుండి అరగంట పడుతుంది. తొందర లేని సంగతైతే ముట్టు ఆగిన కొద్దిరోజులకే తీయించుకోవడం మేలు. అప్పుడు గర్భసంచి లోపొర పలుచగా ఉండి బాగా కనబడుతుంది.

రిపోర్టులో మనలను భయపెట్టే మాటలు

'బల్కీ యుటెరస్' అని రాసి ఉంటుంది. అంటే గర్భసంచి మామూలు కంటే కొంచెం పెద్దదిగా ఉన్నదని అర్థం. పిల్లలు పుట్టని స్త్రీకి గర్భసంచి పొడవు సుమారు 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలను కన్న తల్లికి అంతకంటే పెద్దదిగా ఉండటం సహజమే. ఈ ఒక్క మాట మీద ఎవరికీ ఆపరేషను అక్కరలేదు.

'ఫైబ్రాయిడ్' అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డ. ముప్పై, నలభై ఏళ్లు దాటిన స్త్రీలలో చాలామందికి ఇవి ఉంటాయి. ఎక్కువమందికి వాటివలన ఏ బాధా ఉండదు. ఇవి క్యాన్సరు గడ్డలు కావు. క్యాన్సరుగా తేలేది మహా అరుదు. ముట్టు ఆగిపోయే వయసు దాటితే సాధారణంగా వాటంతట అవే చిన్నవవుతాయి. గడ్డ ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, దానివలన రక్తం ఎక్కువగా పోతున్నదా అన్నవే చూడవలసినవి. గడ్డ ఉండటమే ఒక రోగం కాదు.

'సిస్ట్' అంటే అండాశయంలో నీటితిత్తి. నెలనెలా అండం తయారయ్యేది చిన్న నీటితిత్తిలోనే. ముట్టు వచ్చే వయసులో 3 సెంటీమీటర్ల లోపు తిత్తి కనబడితే అది ప్రకృతి పని. 5 సెంటీమీటర్ల లోపు ఉండి, లోపల నీరు తప్ప గట్టి భాగం లేని తిత్తి రెండు మూడు నెలల్లో సాధారణంగా తానే కరిగిపోతుంది. అవసరమనిపిస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కానింగు తీసి చూస్తారు. లోపల గట్టి భాగాలు ఉన్నా, పెద్దదిగా ఉన్నా, ముట్టు ఆగిన తరువాత కనబడినా మాత్రం తప్పక పెద్ద డాక్టరుకు చూపించవలెను.

'పి.సి.ఓ.డి.' అనే మాట ఈ రోజుల్లో ఆడపిల్లల రిపోర్టులలో ఎక్కువగా వస్తున్నది. అండాశయంలో చిన్న చిన్న బుడగలు ఎక్కువగా ఉన్నాయని దీని అర్థం. వయసుకు వచ్చిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా ఇవి ఎక్కువగానే కనబడతాయి. అందుచేత పిల్ల పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ల దాకా స్కానింగును బట్టి ఈ జబ్బును నిర్ణయించరాదని 2023లో ప్రకటించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముట్టు సరిగా రాకపోవడం, ముఖాన వెంట్రుకలు పెరగడం, రక్తపరీక్షలు, ఇవన్నీ కలిపి చూడాలి. కాగితంలో ఈ ఒక్క మాట చూసి పిల్లకు పెళ్లి కాదని, పిల్లలు పుట్టరని బెంగపడటం తగదు.

'ఫ్రీ ఫ్లూయిడ్ కొద్దిగా' అని ఉంటే, ముట్టు వచ్చే స్త్రీకి గర్భసంచి వెనుక కొంచెం నీరు కనబడటం మామూలే.

రిపోర్టు చివర 'క్లినికల్ కోరిలేషన్' అనే మాట చాలాసార్లు ఉంటుంది. "మనిషిని చూసి, పరీక్షించి, ఆ తరువాత ఈ రిపోర్టుతో సరిపోల్చుకోండి" అని స్కానింగు తీసిన డాక్టరే చెబుతున్నారన్నమాట. మనిషిని పరీక్షించకుండా కాగితం చూసి ఆపరేషను తేదీ చెబితే ఆ చివరి మాటను పక్కన పెట్టినట్లే.

లాక్టోమీటరు నేర్పే పాఠం

పాల కేంద్రంలో లాక్టోమీటరు ఒక్కటే చూసి పాల మంచిచెడ్డలు తేల్చము. పాలలో నీళ్లు కలిపితే రీడింగు దిగుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. వెన్నా తీసి నీళ్లూ కలిపితే రీడింగు చూపుకు సరిగానే ఉంటుంది. అందుకే వెన్నశాతం కూడా చూస్తాము, వాసన చూస్తాము, రుచి చూస్తాము. లాక్టోమీటరు చెడ్డది కాదు. ఒంటరిగా తీర్పు చెప్పలేదు, అంతే. స్కానింగు కూడా అటువంటిదే.

స్కానింగుకు కనబడనివి ఉన్నాయి. తెల్లబట్ట ఎందుకు అవుతున్నదో స్కానింగు చెప్పదు. అది ఎక్కువగా మందులతో నయమయ్యే జబ్బే. దానికి లోపలి పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచి ముఖద్వారంలో మొదలయ్యే క్యాన్సరు తొలిదశలో స్కానింగులో కనబడదు. దానికి వేరే పరీక్షలు ఉన్నాయి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకొకసారి ముఖద్వారానికి పల్చని ఆమ్లం పూసి చూసే సులువైన పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నది. స్కానింగు బాగున్నదని ఈ పరీక్ష మానరాదు. గర్భసంచి జారడం కూడా చేతి పరీక్షలోనే తేలుతుంది. రక్తం ఎంత తగ్గిందో తెలియాలంటే రక్తపరీక్ష చేయించాలి. 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత ఉన్నట్లు.

గర్భసంచి తీయవలసినదెప్పుడు?

క్యాన్సరు అని ముక్కపరీక్షలో తేలినప్పుడు, మందులకు లొంగకుండా రక్తం పోతూ మనిషి నీరసించిపోతున్నప్పుడు, గడ్డలు మరీ పెద్దవై బాధ పెడుతున్నప్పుడు, సంచి బాగా జారిపోయినప్పుడు తీయడం న్యాయమే. అటువంటి ఆపరేషను ప్రాణం నిలబెడుతుంది. అయితే దానికి ముందు ప్రయత్నించదగినవి ఉన్నాయి. రక్తం తగ్గించే మాత్రలు, హార్మోను మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోను లూపు, రక్తం పట్టేందుకు ఇనుము మాత్రలు, అవసరమైతే సంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే ఆపరేషను ఉన్నాయి. సంచి కొంచెం జారితే వ్యాయామాలు, లోపల అమర్చే రింగు పనికివస్తాయి.

చిన్న వయసులో సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్టు ఆగే దశ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఒళ్లు వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు త్వరగా రావడం జరుగుతాయి. అండాశయాలు ఉంచినా ఆ దశ కొంత ముందుగా రావచ్చును. ముప్పై అయిదేళ్ల మనిషి ఇంకా ముప్పై ఏళ్లు గడ్డిమోపు ఎత్తాలి, పాలు పిండాలి. ఎముకల బలం పోయిన తరువాత ఆ పని ఎట్లా సాగుతుంది?

ఆలస్యం చేయరానివి

ఇదంతా చదివి డాక్టరు దగ్గరకే పోవద్దని ఎవరూ అనుకోరాదు. కొన్నింటికి ఒక్క రోజు కూడా ఆగరాదు.

ముట్టు తప్పి, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రంగా నొప్పి వచ్చి, కళ్లు తిరుగుతుంటే గర్భం సంచి బయట నిలిచిందేమో చూడాలి. వెంటనే 108కు ఫోను చేయండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చును. ఇటువంటప్పుడు స్కానింగు ప్రాణాన్ని కాపాడుతుంది.

ముట్టు పూర్తిగా ఆగిన సంవత్సరం తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా చూపించుకోవాలి. స్కానింగులో లోపొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్కపరీక్ష చేయించుకోవాలి. భార్యాభర్తల కలయిక తరువాత రక్తం కనబడినా, గంటకో గుడ్డ మార్చవలసినంత రక్తం పోతున్నా, నెలల తరబడి కడుపు ఉబ్బి ఆకలి తగ్గినా వాయిదా వేయవద్దు.

చట్టం సంగతి

స్కానింగు యంత్రాలు రిజిస్టరు అయిన చోటనే ఉండాలి. కడుపులో ఉన్నది ఆడపిల్లా మగపిల్లవాడా అని అడగడం, చెప్పడం రెండూ 1994లో చేసిన చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2003లో దానిని ఇంకా కట్టుదిట్టం చేశారు. చెప్పిన డాక్టరుకు మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా పడవచ్చును. పెయ్యదూడ పుడితే సంతోషించే మనం ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకోవడం ఏమి న్యాయం?

ఆసుపత్రికి పోయినప్పుడు

స్కానింగుకు పోయేముందు కిందటి ముట్టు తేదీ, ఎన్ని రోజులు రక్తం పోతున్నది, రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తున్నది ఒక కాగితం మీద రాసుకోండి. మీకు రాయడం రాకపోతే బడికి పోయే పిల్లల చేత రాయించండి. పాత రిపోర్టులన్నీ పాసుపుస్తకం మాదిరిగా ఒక సంచిలో దాచుకొని వెంట తీసుకొని పోండి. స్కానింగు ఫిల్ము, రిపోర్టు మీవే, అడిగి తెచ్చుకోండి.

డాక్టరు ఆపరేషను అంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నాకు ఉన్న జబ్బు పేరేమి? మందులతో నయం కాదా? మూడు నెలలు ఆగితే ప్రమాదమేమి? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. ప్రాణం మీదికి వచ్చిన సమయం కాకపోతే మరొక డాక్టరుకు చూపించి రండి. మొదట మన దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. అక్కడ కుదరకపోతే పులివెందులలోనో, కడప రిమ్స్ సర్వజన ఆసుపత్రిలోనో స్త్రీల డాక్టరుకు చూపించండి. ఆ రోజు పోయే బస్సు చార్జీ, ఒక పూట పాలు, ఆపరేషను ఖర్చు ముందు లెక్కలోకి రావు.

సంఘాలకు ఒక మనవి

ఎనుముకు పొదుగువాపు వస్తే పశువుల డాక్టరును పిలవడానికి ఎవరమూ సిగ్గుపడము. పాలు ఎందుకు తగ్గినవి అని ఇంటిల్లిపాదీ ఆలోచిస్తాము. ఎనుమును చూసుకొనే మనిషికి ఏడాది నుండి రక్తం పోతున్నదని మాత్రం ఇంట్లో మగవాళ్లకు తెలియదు. తెలిసిన నాటికి ఆపరేషను దాకా వస్తుంది. కాబట్టి ఇది ఆడవాళ్ల సంగతి అని మగ సభ్యులు పుట తిప్పవద్దని కోరుతున్నాము.

సంఘం కార్యదర్శులు ఈ వ్యాసాన్ని తదుపరి సమావేశంలో చదివి వినిపించవలెను. చదువు రాని సభ్యురాళ్లు ఉన్న చోట ఊరి ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం. నో పిలిపించి ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడించండి. ఆపరేషను ఖర్చుకు అడ్వాన్సు అడిగి ఏ సభ్యురాలైనా వస్తే ఆమెను వట్టి చేతులతో పంపవద్దు; అయితే "ఇంకొక డాక్టరుకు చూపించినావా అక్కా?" అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క మాట వలన ఒక ఇంట్లో ఎనుము కట్టుగుంజకే ఉండవచ్చును, ఆ ఇంటి తల్లి నిండు ఆరోగ్యంతో పాలు పిండవచ్చును. నిజంగా ఆపరేషను కావలసి వస్తే ఆమె భయం లేకుండా, తెలిసి చేయించుకుంటుంది.